నత్తనడక కంప్యూటర్: మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి. కంప్యూటర్ స్లో అయింది, వైరస్ భయంగా ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి? ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడమే నా పని కాబట్టి ముందే చెబుతున్నాను. ఇలాంటి సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడు నేను కొత్తగా వేసేది దాదాపు ఏమీ ఉండదు, తీసేసేదే ఎక్కువ. అక్కర్లేని ప్రోగ్రాము కంప్యూటర్‌ని నెమ్మది చేస్తుంది. ఎవరూ అప్‌డేట్ చేయక పాతబడిపోయాక అదే ప్రోగ్రాములోంచి దొంగలు దూరతారు. శుభ్రం, భద్రత రెండు వేర్వేరు పనులనుకోకండి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. ఎనిమిదేళ్ల కిందటి డెస్క్‌టాప్, విండోస్ 10, 4 జీబీ ర్యామ్. ఆన్ చేస్తే పది నిమిషాలకు గానీ మౌస్ నా మాట వినదు. ఒక యాంటీవైరస్ చాలదేమోనని ఇంకొకటి ఉచితంగా దొరికితే వేశాను. స్పీడ్ పెరుగుతుందంటే ఒక క్లీనర్ కూడా వేసి రోజూ నడుపుతున్నాను. ఏమీ మారలేదు. మా అబ్బాయి కొత్తది కొనమంటాడు. తెలిసినాయన ఫార్మాట్ కొట్టిస్తే చాలంటాడు. ఎవరి మాట వినను?

జవాబు: మాస్టారూ, ఆ రెండు సలహాలూ కాసేపు పక్కన పెట్టండి. ముందు ఎక్కడ ఆగిపోతోందో మీ కళ్లతో మీరే చూడండి. ఈసారి ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న డబ్బాలా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ అని ఉంటుంది, దాన్ని నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని నిలువు వరుసలు కనిపిస్తాయి. ‘డిస్క్’ అన్న మాట మీద క్లిక్ చేస్తే దాన్ని ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రాములు పైకి వస్తాయి. మీరు రాసినదాన్ని బట్టి అక్కడ 100 శాతం ఎర్రగా కనిపిస్తుందని, లెక్కలు చేసే ప్రాసెసర్, అంటే సీపీయూ మాత్రం తీరిగ్గా కూర్చుని ఉంటుందని నా అంచనా.

ఆ 100 వెనక జరిగేది ఇది. మీ పెట్టెలో ఉన్నది బహుశా గుండ్రంగా తిరిగే పాత రకం హార్డ్ డిస్క్. నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. దాని మీద డేటా చదివే చేయి ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి సెకనులో దాదాపు వందో వంతు పడుతుంది. అంటే సెకనుకు మహా అయితే వంద చోట్ల నుంచి చదవగలదు. విండోస్ మొదలవడానికే వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి. ఒక్కో ఫైలు తెరుచుకునే ముందు మొదటి యాంటీవైరస్ దాన్ని పరీక్షిస్తుంది. ఎవరో ఆ ఫైలు ముట్టుకున్నారని రెండోది మళ్లీ పరీక్షిస్తుంది. ఈలోగా మీ క్లీనర్ తన వంతు వెతుకులాట మొదలుపెడుతుంది. నడుస్తున్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ, అంటే ఆ 4 జీబీ ర్యామ్ నిండిపోయాక విండోస్ మిగిలిన బరువును కూడా ఆ డిస్క్ మీదకే నెడుతుంది. అన్ని పనులూ ఆ ఒక్క చేతి కోసమే క్యూలో నిలబడి ఉంటే మౌస్ మాట ఎవరు వింటారు?

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ తెరిచి రెండు యాంటీవైరస్‌లనూ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. సరిగా పోకుండా మొండికేస్తే, దాన్ని తయారుచేసిన సంస్థే దాన్ని పూర్తిగా తొలగించే చిన్న టూల్ ఇస్తుంది. సంస్థ సొంత సైట్ నుంచే తీసుకోండి. రీస్టార్ట్ చేయండి. భయపడాల్సిన పని లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ పూర్తి స్థాయి యాంటీవైరస్ విండోస్‌తోపాటే వస్తోంది. ఇప్పుడు దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. బయటి యాంటీవైరస్ ఉన్నంతసేపూ అది పక్కకు తప్పుకుంటుంది, తీసేయగానే తనంతట తనే పనిలోకి దిగుతుంది. స్టార్ట్‌లో ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైప్ చేసి ఆకుపచ్చ టిక్కులు వచ్చాయో లేదో చూసుకోండి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి అది చాలు. డబ్బు కట్టిన యాంటీవైరస్‌కి గడువు ఇంకా ఉంటే అదొక్కటి ఉంచుకోండి. ఏదైనా సరే, ఒకటే ఉండాలి.

తరవాత ఆ క్లీనర్. ‘రిజిస్ట్రీలో 842 తప్పులు’ అని ఎర్ర అక్షరాల్లో భయపెట్టే సరుకు ఇదే. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పుస్తకం. అందులో వాడని పంక్తులు కొన్ని ఉంటే ఉన్నాయి, వాటివల్ల వేగం తగ్గదు. కావలసిన పంక్తి ఒకటి చెరిగిపోతే మాత్రం ప్రోగ్రాములు తెరుచుకోవు, ఒక్కోసారి విండోస్ లేవదు. రిజిస్ట్రీ క్లీనర్లు వాడడాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే రాతపూర్వకంగా చెప్పింది. పేరున్నవాటికీ ముప్పు తప్పలేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు చొరబడి తమ కోడ్ కలిపేశారు. సంస్థ సొంత సర్వర్ నుంచి, సంస్థ సంతకంతోనే దిగిన ఆ ప్రోగ్రామును సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో వేసుకున్నారు. వాళ్లంతా తమ కంప్యూటర్ శుభ్రంగా ఉండాలనుకున్నవాళ్లే. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ పని అయ్యాక మళ్లీ టాస్క్ మేనేజర్ తెరిచి ‘స్టార్టప్’ ట్యాబ్‌కి వెళ్లండి. ఆన్ చేయగానే మీరు పిలవకుండానే లేచి వచ్చేవాళ్ల జాబితా అది. ప్రింటర్ సహాయకులు, వీడియో కాల్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ఏనాడో తీసేసిన కెమెరా తాలూకు అప్‌డేటర్... ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ‘డిసేబుల్’ కొట్టండి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రాము పోదు, మీరు తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. విండోస్ సెక్యూరిటీ, సౌండ్, టచ్‌ప్యాడ్ లాంటివి మాత్రం వదిలేయండి. పేరు చూసి పోల్చుకోలేనిదాన్ని ముందు వెతికి తెలుసుకోండి.

ఇంత చేశాక కూడా డిస్క్ 100 దగ్గరే ఉంటే, మీరు ఖర్చు పెట్టదగ్గది ఒకటే ఉంది, ఎస్‌ఎస్‌డీ. తిరిగే భాగాలే లేని డిస్క్ అది. మామూలు సాటా రకం కూడా సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది. అసలు లాభం అందులో లేదు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను పాతది సెకనుకు వంద అందుకుంటే ఇది వేలల్లో అందుకుంటుంది. పాత డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వేశాక పది నిమిషాల నిరీక్షణ నిమిషంలోపుకి దిగడం నేను తరచూ చూస్తుంటాను. దాంతోపాటు ర్యామ్ 8 జీబీ చేయించండి. ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. కానీ అదే డిస్క్ మీద అవే ప్రోగ్రాములు మళ్లీ వేసుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. పాత డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇవన్నీ ఆపి, ఆ రోజే ఫోటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ చప్పుడు వచ్చాక అది ఎన్నాళ్లు బతుకుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: విండోస్ 10కి కాలం చెల్లిందంటున్నారు. నా సిస్టమ్ నిక్షేపంగా నడుస్తోంది. మార్చకపోతే కొంపలు మునుగుతాయా? విండోస్ 11 వేయబోతే ‘మీ కంప్యూటర్ సరిపోదు’ అంటోంది.

జవాబు: రేపే ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తరవాత బయటపడే లోపాలకు మీ కంప్యూటర్‌లో అతుకు పడదు, పడలేదని తెరమీద మీకు తెలియదు కూడా.

అతుకు పడకపోతే ఏమవుతుందో 2017లో ప్రపంచం చూసింది. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి అప్‌డేట్ ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే వైరస్ వచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలల సమయం ఉంది. ఆ అప్‌డేట్ వేసుకోనివాళ్ల ఫైళ్లకు అది తాళం వేసేసి డబ్బు అడిగింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లు చిక్కుకున్నాయి, బ్రిటన్‌లో ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేకుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి అదే పాకింది. ‘నేను పిచ్చి సైట్లు చూడనుగా’ అనేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

మీ ముందున్న దారులు చెబుతాను. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ పొడిగింపు అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టింది, దాని గడువు 2026 అక్టోబర్ 13 అని ప్రకటించింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు లింకు కనిపిస్తుంది. అది కొంత ఊపిరి మాత్రమే. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. కొన్ని బోర్డుల్లో టీపీఎమ్ ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది, విండోస్ కంటే ముందు నడిచే బయోస్ సెట్టింగుల్లో ఆన్ చేస్తే సరిపోతుంది. కాబట్టి ‘సరిపోదు’ అన్నది ప్రాసెసర్ వల్లనా టీపీఎమ్ వల్లనా అన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల ‘పీసీ హెల్త్ చెక్’ యాప్‌లో చూడండి. ప్రాసెసరే పాతదైతే, తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించే కిటుకుల జోలికి పోవద్దని నా సలహా. అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు ఎప్పటికీ వస్తాయన్న హామీ లేదు.

మీ వాడకం బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలు, ఉత్తరాలు రాసుకోవడం వరకే అయితే విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్ మింట్ చూడండి. ఉచితం, విండోస్‌కి అలవాటుపడ్డ చేతికి తేలిగ్గా అబ్బుతుంది, అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. పెన్‌డ్రైవ్ మీద పెట్టి, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. మీ ప్రింటర్, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది.

ప్రశ్న: తెర కుడివైపు కింద మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి, వెంటనే తొలగించండి’ అని గంటకోసారి వస్తోంది. పేరున్న యాంటీవైరస్ గుర్తే ఉంది. స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. ఒకరోజు తెరంతా నీలంగా మారి పెద్ద చప్పుడుతో ఫోన్ నంబర్ వచ్చింది. చేయి వణికి స్విచ్ ఆపేశాను.

జవాబు: ఆ నంబర్‌కి ఫోన్ చేయకుండా స్విచ్ ఆపారు చూడండి, చాలా మంచి పని చేశారు.

ఆ మూలన వచ్చే డబ్బా ఈసారి వచ్చినప్పుడు మూయకుండా ఒక్క క్షణం పరకాయించి చూడండి. పెద్ద అక్షరాల్లో వైరస్, పక్కన గుర్తు. వాటి పక్కనో కిందో సన్నగా మీ బ్రౌజర్ పేరు, ఎప్పుడూ వినని ఒక సైట్ చిరునామా ఉంటాయి. అంటే అది యాంటీవైరస్ హెచ్చరిక కాదు, ఒక వెబ్‌సైట్ పంపుతున్న నోటిఫికేషన్. ఎప్పుడో ఏ సినిమా కోసమో, పాట కోసమో ఒక సైట్ తెరిస్తే ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని ఉంటుంది, నొక్కి ఉంటారు. అది రోబో పరీక్ష కాదు, నోటిఫికేషన్లు పంపడానికి మీ దగ్గర తీసుకున్న అనుమతి. కంప్యూటర్‌లో వైరస్ లేదు కాబట్టే స్కాన్‌లో ఏమీ దొరకలేదు.

క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, దాంట్లో ‘సైట్ సెట్టింగ్స్’, దాంట్లో ‘నోటిఫికేషన్స్’. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియనివన్నీ తీసేయండి. నేనైతే అసలు ఏ సైటూ అడగడానికే వీల్లేకుండా పెట్టేస్తాను. అక్కడే ‘ఎక్స్‌టెన్షన్స్’ కూడా చూసి, మీరు వేసిన గుర్తు లేనివి తీసేయండి. బ్రౌజర్ స్లో అవడానికి కూడా చాలాసార్లు అవే కారణం.

తెరంతా కమ్మేసేది వట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ‘ఎండ్ టాస్క్’ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవమంటారా’ అంటే వద్దనండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసి తెర అప్పగించి ఉంటే, ముందు ఇంటర్నెట్ తీసేయండి, ఆ యాప్‌ని తొలగించండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి పాస్‌వర్డ్‌లు మార్చండి. సిగ్గుపడి దాచుకోవద్దు. ఇవతల ఆలస్యమైన కొద్దీ అవతలివాడికి సమయం దొరుకుతుంది.

ప్రశ్న: సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. విండోస్ ఫోల్డర్‌లో చాలా పెద్ద ఫోల్డర్లున్నాయి. ఏవి డిలీట్ చేయొచ్చు?

జవాబు: విండోస్ ఫోల్డర్‌లో చేత్తో ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ అనే ఫోల్డర్ అందరినీ కంగారు పెడుతుంది. అందులోని ఫైళ్లు చాలా వరకు వేరేచోట ఉన్నవే, రెండు పేర్లతో లెక్కలోకి వస్తాయి కాబట్టి నిజం కంటే పెద్దగా కనిపిస్తుంది. ‘ప్రీఫెచ్’ ఫోల్డర్ ఖాళీ చేస్తే స్పీడ్ వస్తుందని వీడియోల్లో చెబుతుంటారు. ప్రోగ్రాములు త్వరగా తెరవడానికి విండోస్ రాసుకున్న గుర్తులవి. చెరిపేస్తే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి, ఆలోగా ఇంకా నెమ్మదిస్తుంది.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. తీయదగ్గవి అక్కడే టిక్కులతో ఉంటాయి. విండోస్ కొత్త వెర్షన్‌కి మారి ఉంటే పాత విండోస్ కాపీ ఒకటి చాలా జీబీలు ఆక్రమించి కూర్చుంటుంది, పదిరోజుల తరవాత మామూలుగా అదే పోతుంది. ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. దాని దగ్గర టిక్ పెట్టే ముందు ఆ ఫోల్డర్ తెరిచి ఒక్కో ఫైలూ చూడండి. చాలామంది ముఖ్యమైన కాగితాలు దించుకుని అక్కడే వదిలేస్తారు.

స్థలం కోసం ఫోటోలను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి మార్చి ఇక్కడ డిలీట్ చేస్తే అది బ్యాకప్ అనిపించుకోదు. ఒకే కాపీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిందంతే. రెండో కాపీ ఇంకోచోట ఉండాలి. ఆ డిస్క్‌ని కాపీ అవగానే ఊడదీసి పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ వచ్చిన రోజు దానికీ తాళం పడుతుంది.

ప్రశ్న: గంటకోసారి డెస్క్‌టాప్ మీద రిఫ్రెష్ కొడతాను, వారానికోసారి డీఫ్రాగ్ చేస్తాను, రాత్రిపూట షట్‌డౌన్ చేస్తాను. అయినా హ్యాంగ్ అవుతోంది.

జవాబు: రిఫ్రెష్ కొడితే డెస్క్‌టాప్ మీది ఐకాన్లు మళ్లీ గీసుకుంటాయి, అంతే. మెమరీ ఖాళీ కాదు. డీఫ్రాగ్, అంటే డిస్క్ మీద చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం, పాత రకం డిస్క్‌కే, అదీ విండోస్ వారానికోసారి తనే చూసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే చేయొద్దు, దానికి కావలసిన వేరే పనిని కూడా విండోస్ చేస్తుంది.

షట్‌డౌన్ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటుంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, తెల్లారి అదే తెరుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ‘పెర్‌ఫార్మెన్స్’, ‘సీపీయూ’ దగ్గర ‘అప్ టైమ్’ చూడండి. రోజూ ఆపుతున్నా అక్కడ రోజులకు రోజులు లెక్క కనిపించవచ్చు. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టాలి. వారానికోసారి కొట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒక గేమ్ ఉచితంగా దొరికిందని దించుకున్నాడు. వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమందట, ఆపాడు. గేమ్ ఆడుతోంది. మర్నాటి నుంచి నా ఈమెయిల్‌లో నేను పంపని ఉత్తరాలు వెళ్తున్నాయి. పాస్‌వర్డ్ మార్చాను, అయినా ఆగలేదు.

జవాబు: యాంటీవైరస్ ఆపమని అడిగిన ప్రోగ్రామును అక్కడే వదిలేయాలి. అలా వచ్చేవాటిలో చాలా వరకు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను దోచుకుపోయే రకాలే. పాస్‌వర్డ్‌లతోపాటు, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్ గుర్తుపట్టే కుకీలను కూడా పట్టుకుపోతాయి. కుకీ చేతిలో ఉన్నవాడికి చాలాసార్లు పాస్‌వర్డే అక్కర్లేదు. ఇంకో సంగతేమిటంటే, మీరు కొత్త పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లోనే టైప్ చేసి ఉంటే అది కూడా వాళ్లకు చేరి ఉండొచ్చు.

ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. మీ ఫోన్‌లోంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, మిగతా అకౌంట్లన్నిటి తాళంచెవీ అదే కాబట్టి. వెంటనే సెక్యూరిటీ సెట్టింగుల్లో ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ చేయండి, దొంగ దగ్గరున్న కుకీ అప్పుడు చెల్లదు. పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టండి. మీకు తెలియకుండా ఉత్తరాలు వేరేచోటికి ఫార్వర్డ్ అయ్యే రూల్ ఏదైనా పెట్టారేమో చూడండి, ఇది చాలామంది మరిచిపోతారు. తరవాత బ్యాంకు, ఆ తరవాత మిగతావి.

కంప్యూటర్‌కి విండోస్ సెక్యూరిటీలో ‘స్కాన్ ఆప్షన్స్’ కింద ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. విండోస్ లేవకముందే అది వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి. అయినా ఇలాంటి సందర్భంలో నేను ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేస్తాను. మొదటి ఉత్తరంలో మాస్టారికి వద్దన్న ఫార్మాట్ ఇక్కడ అవసరం.

అబ్బాయిని కొట్టకండి, తిట్టకండి. రేపు ఇంకేదైనా జరిగితే మీకు చెప్పాలంటే వాడికి ధైర్యం ఉండాలి. కొత్తగా వేసిన విండోస్‌లో వాడికి వేరే అకౌంట్ చేసి, దాన్ని ‘స్టాండర్డ్’ రకంలో పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఏదైనా ప్రోగ్రాము సిస్టమ్‌లో మార్పులు చేయబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు వాడు మిమ్మల్ని పిలుస్తాడు. అడ్మిన్ అక్కర్లేకుండా నడిచే చెడ్డ ప్రోగ్రాములూ ఉన్నాయి కాబట్టి, బ్యాంకు పనులు చేసే అకౌంట్‌లో గేమ్‌లు ఆడనివ్వకండి.